శత్రువు తీరు తెలిసి కట్టే కోళ్లదొడ్డి

కురబలకోట మండలంలోనూ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసర పల్లెల్లోనూ నాటుకోళ్లను పగలంతా వాకిళ్లలోనూ పేడదిబ్బల మీదా వదిలి, పొద్దుగూకగానే గంప కిందనో గూటిలోనో మూసే పద్ధతి తరతరాలుగా సాగుతోంది. అయిదారు కోళ్లున్న ఇంటికి ఆ పద్ధతి చాలు. నలభై, యాభై కోళ్లను ఒకచోట పెంచాలనుకునే కుటుంబానికి మాత్రం అవి పగటిపూట ఎండలో, మట్టిలో స్వేచ్ఛగా తిరుగుతూనే వేటజంతువులకు చిక్కకుండా ఉండే విశాలమైన దొడ్డి అవసరమవుతుంది. కోడి బయటికి పోకుండా ఆపే కంచె వేరు, నక్క లోపలికి రాకుండా ఆపే కంచె వేరు. డబ్బు ఖర్చుపెట్టి దొడ్డి కట్టినా కోళ్లు పోతున్నాయంటే చాలాచోట్ల ఈ తేడాను గుర్తించకపోవడమే కారణం.

కొండలు, గుట్టలు, చిట్టడవులు ఊళ్లను ఆనుకుని ఉన్న ఈ ప్రాంతంలో కోడికి శత్రువులు ఎక్కువ, ఒక్కొక్కటి వచ్చే దారీ వేరు. నక్క, వీధికుక్క కంచెను నేరుగా తోసి చూస్తాయి. అది లొంగకపోతే దాని మొదట్లోనే మట్టిని గీకి కిందినుంచి దూరతాయి. అడవిపిల్లి, పునుగుపిల్లి పైకెక్కి దిగుతాయి. ముంగిసకు తల పట్టే సందు దొరికితే చాలు, ఒళ్లంతా దూర్చేస్తుంది. ఉడుము, జెర్రిపోతు, నాగుపాము గుడ్ల కోసం, పిల్లల కోసం వస్తాయి. గద్ద, డేగ ఆకాశం నుంచి దిగితే, పందికొక్కు బొరియ తవ్వుకుని నేలలోంచి లేస్తుంది. ఇన్ని దారులను ఒకే రకం జాలీ మూయలేదు కనుక కంచెను అడుగుభాగం, నడుమ, పైకప్పు అని మూడు భాగాలుగా ఆలోచించడం మంచిది.

బజారులో కోళ్ల జాలీ పేరుతో చవకగా దొరికే ఆరు పలకల కన్నుల వల కోడిని ఆపగలదే గాని కుక్క పంటిని ఆపలేదు. తీగ మందాన్ని గేజి అనే అంకెతో చెబుతారు. ఈ అంకె పెరిగేకొద్దీ తీగ పలుచబడుతుంది. 12 గేజి తీగ సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉంటే, 22 గేజి తీగ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అందువల్ల ఆరడుగుల ఎత్తు వరకు మందపాటి చైన్‌లింక్ కంచె వేసి, దాని అడుగుభాగాన అరంగుళం కన్నులున్న వెల్డ్ మెష్, అంటే తీగలు కలిసే ప్రతిచోటా అతికించిన గట్టి జాలీ, జోడిస్తే నక్క బలమూ ముంగిస సన్నని ఒళ్లూ రెండూ అక్కడే ఆగిపోతాయి. కన్ను పెద్దదైతే మరో ప్రమాదం ఉంది: జాలీకి ఆనుకుని కూర్చున్న కోడిని పిల్లి బయటినుంచే పంజా దూర్చి గాయపరుస్తుంది.

అసలు గెలుపోటములు నేల దగ్గరే తేలతాయి. జాలీని అడుగు, రెండడుగుల లోతున పాతిపెట్టాలని సాధారణంగా చెబుతారు గాని, గులకరాళ్లు కలిసిన ఎర్రనేల, దాని కింద బండ ఉన్న ఈ మండలాల్లో కందకం తవ్వడం కష్టమూ ఖర్చూ. అంతకన్నా అనువైన ఉపాయం ఒకటుంది. నాలుగడుగుల వెడల్పున్న వెల్డ్ మెష్‌లో రెండడుగులు కంచెకు కట్టి, మిగిలిన రెండడుగులను బయటివైపు నేలమీద పరిచి, పైన మట్టి కప్పి రాళ్లు పేర్చాలి. తవ్వే జంతువు కంచె మొదటికి చేరి గీకడం మొదలుపెడుతుంది. గోటికి తీగ తగలగానే ఆగుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఊహ దానికి సాధారణంగా రాదు.

కోడికి ఇరవై చదరపు అడుగుల చొప్పున యాభై కోళ్లకు వెయ్యి చదరపు అడుగులు, అంటే నలభై అడుగుల పొడవు, ఇరవై అయిదడుగుల వెడల్పు కావాలి. చుట్టుకొలత 130 అడుగులు. ఎనిమిది అడుగులకొకటి చొప్పున పదహారు, పదిహేడు కూసాలు పడతాయి. కర్రను చెదలు తినేస్తాయి కనుక ఈ సీమలో దొరికే రాతికూసాలే మేలు. తలుపు కింద మట్టి అరిగి సందు పడుతుంది కనుక గడపగా ఒక బండ వేయాలి. గడియలు పైనా కిందా రెండు ఉండాలి.

గద్దల కోసం పైన నైలాను వల చాలు, పాత చేపలవల అయినా పనికొస్తుంది. అది జోలెలా కిందికి వేలాడకుండా అడ్డంగా జీఐ తీగలు లాగి కట్టాలి. వల అంచులు నేలమీద పడి ఉంటే పాములు చిక్కుకుని చస్తాయి. ఈ వల పునుగుపిల్లిని ఆపదు. కాబట్టి దొడ్డి ఎంత గట్టిదైనా రాత్రికి కోళ్లు గట్టి గూటిలోనే ఉండాలి. మసక పడగానే అవి వాటంతటవే దండెమెక్కుతాయి, మనిషి చేయాల్సిందల్లా తలుపు మూయడమే.

కంచెకు నేరుగా ఇంటి కరెంటు తగిలించడం చట్టవిరుద్ధం, ప్రాణాంతకం. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులు ఇటువంటి తీగలకు బలైన ఘటనలున్నాయి. నక్క, ముంగిస, ఉడుము, అడవిపిల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి గనుక విషమూ ఉచ్చులూ పెట్టడం కూడా నేరమే. పైగా ఎలుకలను తిని రైతుకు మేలు చేసే జంతువులివి. వాటిని చంపకుండా కోడిని కాపాడుకోవడానికే ఇంత కంచె.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా జాతికి రంగురంగుల ఈకలు, పొడవైన కాళ్లు ఉండటం పెరటి పెంపకంలో వేటజంతువుల నుంచి తప్పించుకోవడానికి తోడ్పడే లక్షణాలే. అయినా ఏ జాతి పిల్లలనైనా మొదటి ఆరు వారాలు వెచ్చని గదిలో పెంచి, కొక్కెర రోగానికి టీకాలు వేయించిన తరువాతే దొడ్డిలోకి వదలాలి. దొడ్డిని రెండు భాగాలు చేసి మార్చి మార్చి వదిలితే గడ్డి మళ్లీ మొలుస్తుంది. పట్టుపురుగుల పెంపకమున్న ఈ ప్రాంతంలో నాలుగు మల్బరీ మొక్కలు నాటితే కోళ్లకు నీడా, రాలిన పండ్ల మేతా దొరుకుతాయి. దాణా మాత్రం మూతబిగిసే డబ్బాలోనే ఉంచాలి, ఎందుకంటే చిందిన గింజకు పందికొక్కు, దాని వెనకే పాము వస్తాయి. ప్రతి పెద్దవాన తరువాత కంచె వెంట ఒకసారి నడిచి, నీరు మట్టిని కోసుకుపోయి జాలీ బయటపడ్డ చోట్ల మళ్లీ మట్టి నింపి రాళ్లు పేర్చాలి.