కల్పిత పాత్రల ధనము, బహుమానములు

బల్లచుట్టు కూర్చుండి, తలకొక కల్పిత పాత్రను ధరించి, పాచికలు వేయుచు కథ నడుపుకొను క్రీడ యొకటి కలదు. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను పేర దీనిని 1974లో ప్రకటించిరి. ఒకరు నిర్వాహకులై కథాలోకమును వర్ణింతురు. తక్కినవారు వీరులై గుహలు దూరుదురు, రాక్షసుల నెదిరింతురు, నిధులు తెత్తురు. బిడ్డలకై యీ క్రీడను నడుపు సోదరీమణులకు కథ కల్పించుట కష్టము కాకపోవచ్చును. దొరకిన ధనమునకు విలువ నిలుపుటయే కష్టము. ఇల్లు నడుపు నేర్పే యిచ్చటను అక్కరకు వచ్చునని మా తలంపు.

మొట్టమొదట గమనింపదగిన దేమనగా, దేనికి బహుమానము నిత్తుమో దానినే ఆటగాండ్రు చేయుదురు. ఈ క్రీడయొక్క తొలి నియమములలో, గుహనుండి సురక్షితముగ దెచ్చిన యొక్కొక్క బంగారు నాణెము విలువకు ఒక అనుభవాంకము లభించెడిది. అంకములు కూడినకొలది పాత్రకు శక్తి హెచ్చును. కనుక రాక్షసునితో పోరి ప్రాణము మీదికి దెచ్చుకొనుటకంటె, వాడు నిద్రించువేళ నిధిని తరలించుటయే లాభము. 2000లో వచ్చిన మూడవ కూర్పులో ధనమునకు అంకములు లేవు. ఎదిరిని గెలిచినందులకే ముఖ్యముగ అంకములు. అట్టిచోట యుక్తికంటె కత్తి ముందు బయటికి వచ్చుట సహజము. మన పిల్లలు కల్పిత లోకమందైనను మాటనేర్పుతో తగవు తీర్చవలెనని కోరుదుమేని, ఆ తీర్చినందులకే బహుమానము నీయవలెను.

రెండవది వ్యయము. కూర్చుండి తినిన కొండలైనను తరుగునని మన సామెత. కాని యీ క్రీడలో దినభుక్తి లెక్క విడిచినచో కొండ తరుగదు సరికదా, నానాటికి పెరుగును. 2014 కూర్పునందు సామాన్య జీవనమునకు దినమునకు 1 బంగారు నాణెము, సుఖజీవనమునకు 2, సంపన్న జీవనమునకు 4 అని నిర్ణయించిరి. నిలువెల్ల కప్పు లోహకవచము వెల 1,500. మృతుని లేపు మంత్రమొకదానికి 500 నాణెముల వజ్రము కావలెను. ఒక్క సాయంకాలమున 5,000 నాణెముల పెట్టె నిచ్చినచో, మరునాటికి కవచము కొనుట ముగియును. ఆపై కోరదగినది తగ్గును. కొంచెము కొంచెముగ నిచ్చి, బసకు, ఆయుధముల మరమ్మతునకు, గాయపడిన తోడివాని చికిత్సకు ఖర్చు చూపినచో ప్రతి నాణెమునకు బరువుండును.

అప్పు సయితము కథను నడుపగలదు. 1977లో వెలువడిన 'ట్రావెలర్' అను క్రీడలో ఆకాశనౌకను కొనువారు వెలలో ఐదవవంతు ముందుగ చెల్లించి, పిదప నెలకు వెలలో 240వ వంతు చొప్పున 480 నెలలు కట్టవలెను. లెక్కించినచో మొత్తము వెలకు రెండింతలు మించును. నెల తిరుగునప్పటికి వాయిదా చెల్లింపవలసియుండుటచే ఆ నావికులు తీరికగ కూర్చుండలేరు. సరకు రవాణాకో, సాహసకార్యమునకో బయలుదేరక తప్పదు.

అన్ని బహుమానములును నాణెములే కానక్కరలేదు. గ్రెగ్ స్టాఫర్డ్ రచించిన 'పెండ్రాగన్' (1985) అను క్రీడలో ఆర్థరు రాజు కొలువునందలి వీరులు కీర్తినే అంకములుగ గడింతురు. కాపాడిన గ్రామము వారు ఇచ్చు చిన్న యిల్లు, రాజు పంపిన ఉంగరము, ఒక వృద్ధురాలి ఆశీర్వాదము బంగారముకంటె నెక్కువకాలము జ్ఞప్తియందుండును.

కడపట పంపకమును గూర్చి యొకమాట. నిధి దొరకిన పిమ్మట వాటాలకై తగవులాడిన పాత్రల కోపము పిల్లల మనసులలో నిలిచి, భోజనాల పంక్తిదాక రావచ్చును. కావున ఆట మొదలిడకముందే వాటాలు నిర్ణయించి, ఉమ్మడి ఖర్చునకు కొంత తీసియుంచి, లెక్కల పుస్తకమును వంతుల వారీగ ఒక్కొక్కరికి అప్పగింపుడు. చిన్నవారికి తక్కువ వాటా యనకుడు. ఆ నాణెములు కల్పితములే. వానిని పంచుకొను బుద్ధి మాత్రము నిజమైనది.