బండను గెలుచు ఉపాయము

హైదరాబాదు నగరమునకు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగర్, లాల్ బహదూర్ నగర్ అను పేటలు గలవు. రెండవ పేటకు భారత ప్రధానిగా నుండిన లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టబడినది. జనులు దానిని ఎల్.బి. నగర్ అని పిలుచుచుందురు. విజయవాడకు పోవు జాతీయ రహదారి ఈ పేటలగుండ సాగి, హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ మీదుగా తూర్పునకు పోవును. నేడిచ్చట మేడలు క్రిక్కిరిసి యున్నవి. ఒకప్పుడిది పొలములును, చెరువులును, పల్లెలును గల ప్రదేశము. పైని కట్టడములు మారినవి గాని క్రింది నేల మారలేదు. పేటలో ఇల్లు కట్టుకొనువాడు పునాది త్రవ్వినను, పేట దాటిన పల్లెలో రైతు బావి త్రవ్వినను, కొంత లోతునకు పోవుసరికి గునపము ఖంగుమని మ్రోగును. బండ తగిలినదన్నమాట!

“బండ పడినది” అను మాట వినగానే త్రవ్వించువాని గుండె జల్లుమనును. మట్టి త్రవ్వుటకు ఒక ధర, బండ కొట్టుటకు వేరొక ధర. యంత్రమునకు గంటల లెక్కను బాడుగ చెల్లింపవలెను. అప్పు తెచ్చి బావి త్రవ్వించు రైతునకు ఈ బండయే లాభనష్టములను నిర్ణయించును. కావున అది ఎట్టిదో, దేనికి లొంగునో తెలిసికొనుట అవసరము.

ఈ ప్రాంతపు బండ గ్రానైటు శిల. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున కరగియున్న శిలాద్రవము మెల్లమెల్లగా చల్లారి గట్టిపడుటచే ఇది పుట్టినది. మెల్లగా చల్లారుటచేతనే ఇందలి రేణువులు కంటికి కనబడునంత పెద్దవైనవి. ఒక ముక్కను ఎండలో పట్టి చూచినచో మూడు విధముల రేణువులు కనబడును. గాజువలె నుండునది క్వార్ట్‌జు. గులాబి వన్నెగాని తెలుపు వన్నెగాని గలది ఫెల్‌స్పారు. నల్లగా తళుకులీనునది అభ్రకము. ఖనిజముల కాఠిన్యమును 1 మొదలు 10 వరకు గల మెట్లతో కొలుతురు. పదియవ మెట్టున వజ్రమున్నది. ఫెల్‌స్పారుది 6వ మెట్టు, క్వార్ట్‌జుది 7వ మెట్టు. మామూలు ఉక్కు క్వార్ట్‌జుకంటె మెత్తనిది. అందుచేతనే ఎంతటి పనిముట్టయినను ఈ రాతిపై త్వరగా అరిగిపోవును. ఇక బరువన్ననో, ఒక ఘనమీటరు గ్రానైటు సుమారు 2,650 కిలోగ్రాములు తూగును.

ఇంత గట్టి శిలకును శత్రువు కలదు. అది నీరు. యుగముల తరబడి పైనున్న శిలలు అరిగి కొట్టుకొనిపోగా, బరువు తగ్గిన బండ కొంచెము పైకుబ్బి పొరలు పొరలుగా విడినది. దానికి తోడు నిలువు పగుళ్లును ఏర్పడినవి. వాననీరు ఆ పగుళ్లలోనికి దిగి ఫెల్‌స్పారును నెమ్మదిగా బంకమట్టిగా మార్చును. క్వార్ట్‌జు ఇసుకగా మిగులును. ఇట్లు కుళ్లిన రాతినే మొరము అందురు. పగుళ్ల నడుమ చిక్కిన గట్టిభాగము మూలలరిగి గుండ్రనై, మొరములో గుండువలె నిలిచియుండును. హైదరాబాదు చుట్టుపట్ల ఎవరో పేర్చినట్లు ఒకదానిపై నొకటి నిలిచిన పెద్ద గుండ్లను మీరు చూచియుందురు. మొరము కొట్టుకొనిపోగా బయటపడినవే అవి.

ఇచ్చటి నేలను త్రవ్వినచో సామాన్యముగా పైన ఎర్రమట్టి, దాని క్రింద మొరము, పిదప సగము కుళ్లిన రాయి, అడుగున గట్టి బండ కనబడును. అయితే ఈ పొరల మందము అన్నిచోట్ల సమానము కాదు. ఒక స్థలమున రెండడుగులకే బండ తగులును. ప్రక్క స్థలమున ఎంతో లోతునకు గాని తగులదు. పొరుగువాని బావిని చూచి తన బావికి వ్యయము లెక్క కట్టుకొనువాడు మోసపోవుట ఇందువలననే.

యంత్రములు రాకమునుపు బావులు త్రవ్వుట, రాళ్లు కొట్టుట వడ్డెరల వృత్తిగా నుండెను. నేటికిని ఆ పనివాండ్రు పలుచోట్ల గలరు. అనుభవము గల రాతిపనివాడు బండను చూడగానే సమ్మెట ఎత్తడు. మొదట దానిని తట్టి చెవియొగ్గి వినును. గల్లుమని మ్రోగినచో ఆ రాయి పగుళ్లులేనిది. మొద్దుగా పలికినచో లోపల పగులున్నదని గ్రహించును. పిమ్మట బండపై ఒక వరుసగా చిన్న గుంటలు తొలిచి, వానిలో ఇనుప చీలలు దిగవేసి, ఒకదాని తరువాత నొకటిగా సమ్మెటతో కొట్టుచు పోవును. కొన్ని దెబ్బలకు చలింపని బండ, కొంతసేపటికి ఆ గుంటల వరుస వెంబడి గీత గీచినట్లు చీలును. బండపై మంట పెట్టి వేడిచేసి పొరను లేపుటయు పూర్వపు పద్ధతియే. వేడికి పైపొర వ్యాకోచించి, క్రింది చల్లని భాగమునుండి విడిపోవును.

ఒక చిన్న చీలకు అంతటి బండ లొంగుటకు కారణమేమి? ఒక సుద్దముక్కను తీసికొని రెండు కొనలనుండి లోనికి నొక్కి చూడుడు. సులభముగా విరుగదు. దానినే వంచి చూడుడు, ఠక్కున విరుగును. వంచినపుడు సుద్ద ఒక ప్రక్క సాగదీయబడును. రాతి గుణమును ఇట్టిదే. నొక్కుడును ఎంతయైనను సహించును గాని, లాగుడును అందులో పదియవ వంతైనను సహింపజాలదు. సమ్మెట తిన్నగా బండపై పడినచో అది నొక్కుడు. చీల లోనికి దిగి ఇరుప్రక్కలకు త్రోసినచో అది లాగుడు. రాతిపనివాని నేర్పంతయు ఈ నొక్కుడును లాగుడుగా మార్చుటలోనే యున్నది.

నేడీ పనికి ట్రాక్టరు వంటి త్రవ్వుడు యంత్రము వచ్చినది. దానినే మనవారు జె.సి.బి. అందురు. అది నిజమునకు యంత్రము పేరు కాదు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అను ఆంగ్లేయుని పేరులోని పొడి అక్షరములవి. ఆయన 1945లో ఇంగ్లండునందలి యుటాక్సిటర్ అను ఊర వ్యవసాయపు బండ్లను చేయుటతో కర్మాగారమును ఆరంభించెను. 1953లో ఆయన సంస్థ వెనుక త్రవ్వుడు చేయి గల యంత్రమును తయారుచేసెను. మనదేశమున 1979లో హర్యానా యందలి బల్లభ్‌గఢ్‌లో ఈ యంత్రముల తయారీ ఆరంభమైనది.

ఈ యంత్రమునకు ముందువైపు మట్టి నెత్తు తొట్టియు, వెనుకవైపు మోచేయివలె ముడుచుకొను చేయియు ఉండును. ఆ చేతి కొనను ఉక్కు పళ్లు గల బకెట్టు అమర్చబడియుండును. అది సుమారు 4, 5 మీటర్ల లోతువరకు త్రవ్వగలదు. ఈ చేతిని ఆడించునది ఇంజను నొక్కి పంపెడు నూనె. మూసిన పాత్రలోని ద్రవముపై కలిగించిన పీడనము అన్ని దిశలకు సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ కనుగొనెను. కావున చిన్న ముషలకముపై 1 కిలోగ్రాము బరువుంచినచో, దానికి ఏబది రెట్లు వైశాల్యము గల ముషలకము 50 కిలోగ్రాములను మోయగలదు.

ఇంత బలమున్నను ఈ యంత్రము గట్టి బండను బకెట్టుతో పగులగొట్టలేదు. అనుభవము లేని ఆపరేటరు బకెట్టును ఎత్తి బండ నడినెత్తిన మోదును. బండ చలింపదు, బకెట్టు పళ్లు విరుగును, చేతి కీళ్లు వదులగును. బాడుగ మాత్రము పెరుగుచుండును. నేర్పరి యట్లు చేయడు. యంత్రమును చదునైన చోట నిలిపి, ప్రక్క కాళ్లను నేలపై గట్టిగా ఆనించి, మొదట బండచుట్టు మొరమును తీసివేయును. అది గుండైనచో దాని అంచు క్రిందికి బకెట్టు పళ్లు దూరును. అప్పుడు మెల్లగా పెకలించి దొర్లించును. అది పరుపు బండయైనచో పగులెక్కడ నున్నదో వెదకి, అచ్చట పళ్లు దూర్చి, పొరను తనవైపునకు లాగును. పూర్వపు రాతిపనివాడు చీలతో చేసిన పనినే ఇతడు యంత్రముతో చేయుచున్నాడు.

పగులే లేనిచోట ఆ పగులును మనమే కలిగింపవలెను. అందుకు బకెట్టును తీసి, దాని స్థానమున నిమిషమునకు వందలకొలది దెబ్బలు కొట్టు బ్రేకరును తగిలింతురు. పల్లెలలో ట్రాక్టరుకు అమర్చిన కంప్రెసరు గాలితో బండకు రంధ్రములు చేయుటయు కలదు. 1867లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ డైనమైటుకు పేటెంటు పొందిన పిమ్మట రంధ్రములలో మందు నింపి ప్రేల్చుట లోకమంతట వ్యాపించినది. కాని ఇండ్ల నడుమ అది ప్రమాదకరము. రాళ్లెగిరి మనుష్యులకు తగులును, ఇరుగుపొరుగు గోడలు బీటలు వారును. అందుచే 1884నాటి ప్రేలుడు పదార్థముల చట్టమును, 2008నాటి నియమములును అనుమతి లేనివారిని ఆ మందును ముట్టనీయవు. దీనికి బదులు, సున్నము ప్రధానముగా గల ఒక పొడిని నీటితో కలిపి రంధ్రములలో పోయు పద్ధతియు కలదు. అది రమారమి ఒక దినములో ఉబ్బి, చప్పుడు లేకుండ బండను చీల్చును. ఎంతటి శబ్దమైనను చేయలేని పనిని ఓర్పు చేయుననుటకు ఇదియొక నిదర్శనము.

అయితే ఏ పద్ధతిలోనైనను మరువరాని జాగ్రత్త యొకటి కలదు. రాతిని కొట్టినపుడు లేచు సన్నని క్వార్ట్‌జు ధూళి ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిస్ అను వ్యాధి కలుగును. అది కుదిరెడు వ్యాధి కాదు. కావున రాతిపై నీరు చల్లుచు పనిచేయవలెను. ముక్కునకు తగిన తొడుగు ఉండవలెను. రాయి పగులుటకంటె పనివాని ప్రాణము విలువైనది.

బండ ఎల్లప్పుడు శత్రువని తలంపరాదు. అమీర్‌పేటనుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి. నగర్ వరకు స్తంభములపై సాగు మెట్రో రైలుమార్గము 2018 సెప్టెంబరు 24వ తేదీన ప్రారంభమైనది. అట్టి కట్టడములకు ముందుగా నేలకు రంధ్రములు చేసి బండ ఎంత లోతుననున్నదో పరీక్షింతురు. గట్టి బండ దొరకినచో అంతకు మించిన పునాది లేదు.

రైతునకు మాత్రము పగులే భాగ్యము. గ్రానైటు తనలో నీటిని దాచుకొనదు. వాననీరు నిలుచునది మొరములోను, బండ పగుళ్లలోను మాత్రమే. పగులులేని బండను ఎంత లోతునకు కొట్టినను కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లగును. పనిముట్టు దూరుటకు దారి యిచ్చు పగులే నీరు వచ్చుటకును దారి యిచ్చును. కనుక బండను గెలువగోరువాడు మొదట దాని బలమును గాక, దాని పగులును తెలిసికొనవలెను. యంత్రము చేతికి బలమిచ్చును. ఆ బలమును ఎక్కడ నిలుపవలెనో చెప్పునది మాత్రము మనుష్యుని వివేకమే.