సి భాషకు ప్రత్యామ్నాయం - జిగ్

నేడు కంప్యూటరు ప్రవేశించని రంగం లేదు. బ్యాంకులోని యంత్రం మొదలుకొని చేతిలోని సెల్‌ఫోను వరకు వీటిని నడిపించే మూల ప్రోగ్రాములలో అధికభాగం సి భాషలో రాసినవే. 1970వ దశకం ఆరంభంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ ఈ భాషను రూపొందించారు. 1973లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇందులోనే తిరిగి రాశారు. నేర్వవలసిన నియమాలు కొద్దివి కావడం, యంత్రానికి చేరువగా ఉండడం, వేగంగా పనిచేయడం అనే మూడు గుణాలు ఈ భాషకు అర్ధశతాబ్దికి మించిన ఆయుష్షును ప్రసాదించాయి.

అయితే సి భాష ప్రోగ్రాం రాసేవారిని పూర్తిగా విశ్వసిస్తుంది. పది గదుల వరుసలో పదకొండో గదిని చూపమన్నా అభ్యంతరం చెప్పదు. పక్కనున్న వేరొక సమాచారాన్ని తెచ్చి చూపుతుంది. ఈ విశ్వాసం ఎంతటి ముప్పు తేగలదో 2014లో లోకానికి తెలిసివచ్చింది. ఇంటర్నెట్‌లో రహస్యాలను కాపాడవలసిన ఓపెన్ ఎస్సెస్సెల్ అనే ప్రోగ్రాములో 'హార్ట్‌బ్లీడ్' అనే దోషం బయటపడింది. ఒక కంప్యూటరు చిన్న సందేశాన్ని పంపి, దాని పొడవు 64 వేల అక్షరాలని అబద్ధమాడితే, ఎదుటి కంప్యూటరు సరిచూడకుండానే తన మెమరీలో ఆ పక్కనున్న సమాచారాన్ని కూడా కలిపి తిరిగి పంపేది. అందులో పాస్‌వర్డులూ ఉండవచ్చు. ఈ దోషం రెండేళ్లపాటు ఎవరి కంటా పడలేదు!

ఇటువంటి పొరపాట్లను అరికడుతూనే సి భాషలోని సరళతను నిలుపుకోవాలన్న సంకల్పంతో అమెరికన్ ప్రోగ్రామర్ ఆండ్రూ కెల్లీ 2015లో జిగ్ భాషా నిర్మాణానికి పూనుకున్నారు. 2016లో దానిని లోకానికి పరిచయం చేశారు. జిగ్‌లో ప్రతి వరుస తన పొడవును తన వెంటే ఉంచుకుంటుంది. హద్దు దాటబోతే ప్రోగ్రాము అక్కడే ఆగిపోయి దోషాన్ని వెల్లడిస్తుంది. చాటుమాటుగా జరిగే పని ఏదీ ఇందులో ఉండదు. మెమరీ కావలసిన చోట దానిని ఎవరు సమకూరుస్తున్నారో స్పష్టంగా రాయడం ఈ భాషలో సంప్రదాయం. సి భాషలో ఇదివరకే ఉన్న ప్రోగ్రాములను పారవేయనక్కరలేదు. పాత ఇంటిలో నివసిస్తూనే ఒక్కొక్క దూలాన్ని మార్చుకున్నట్లుగా, వాటిని జిగ్‌తో కలిపి వాడుకుంటూ క్రమంగా మార్చుకోవచ్చు.

జిగ్ సర్వరోగ నివారిణి కాదు. అత్యధిక వేగం కోసం హద్దుల తనిఖీని తొలగించే వీలు ఇందులో ఉంది. ఒకసారి విడిచిపెట్టిన మెమరీని పొరపాటున మళ్లీ వాడకుండా చూసుకోవలసిన బాధ్యత ప్రోగ్రాము రాసేవారిదే. రస్ట్ అనే మరొక భాష అటువంటి పొరపాట్లను చాలావరకు ముందుగానే పట్టుకుంటుంది. కాని దాని నియమాలు ఎక్కువ, అభ్యాసం కష్టతరం.

పొరబడడం మానవ సహజం. ఆ పొరపాటును దాచక, వెంటనే ఎత్తిచూపే సాధనమే మంచి సాధనం. మిత్రునికైనా, భాషకైనా ఇదే గీటురాయి.