గుండీ కుట్టిన చేతులు

నగల పిచ్చంతా ఆడవాళ్లదే అంటారు కదా! అలా అనేవాళ్లకి 18వ శతాబ్దపు యూరప్ దొరల కోట్లు చూపించాలి. గుండీలే వాళ్ల నగలు. వెండివి, ఎనామిల్‌వి, అద్దం కింద బొమ్మలు గీసినవి, ఒక్కోటి రూపాయి బిళ్లంత. బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ అనే ఆయన ఉక్కుకి సానపట్టించి, వజ్రాల్లా తళతళలాడే గుండీలు చేయించాడు. కాజాతో పనే లేకుండా కేవలం అందానికి కుట్టించుకున్న వరసలూ ఉండేవి. అదే కాలంలో ఆడవాళ్ల గౌన్లకి ఎక్కువగా పిన్నులూ, లాగి కట్టే తాళ్లే!

ఇన్నిటిలోనూ నాకు నచ్చినవి మాత్రం లోహపువి కావు, దారంతో అల్లినవి. ఇంగ్లండ్‌లోని డార్సెట్ ప్రాంతంలో 1622 నాటికే అబ్రహాం కేస్ అనే ఆయన ఈ పని మొదలుపెట్టాడని చెబుతారు. పొట్టేలు కొమ్ముని బిళ్లలుగా కోసి, పైన గుడ్డ తొడిగి, నారదారంతో చుట్టూ సన్నటి కుట్లు వేస్తే గోపురంలా లేచిన గుండీ వస్తుంది. దాని పేరు ‘హై టాప్’. పెద్దమనుషుల వెయిస్ట్‌కోట్ల మీద మెరిసింది ఇదే. 1649లో తల నరికించుకున్న చార్లెస్ రాజు ఆ రోజు వేసుకున్న వెయిస్ట్‌కోటుకీ డార్సెట్ గుండీలే ఉన్నాయని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

మరి కుట్టిందెవరు? పల్లెటూళ్లలో ఆడవాళ్లు, పిల్లలు. గుమ్మంలో కూర్చుని, వంటా పిల్లలూ చూసుకుంటూ కుట్టేవారు. కుట్టినవన్నీ అట్టలకి గుచ్చి వ్యాపారికి ఇవ్వాలి. ఇది చదువుతుంటే నాకు మన నర్సాపురం లేసు గుర్తొచ్చింది. అక్కడా అంతే కదా, అల్లే చెయ్యి ఇంట్లో, అమ్మే చెయ్యి బజార్లో!

తర్వాత కొమ్ముబిళ్ల బదులు తీగ రింగులొచ్చాయి. రింగు చుట్టూ దారంతో కాజాకుట్టు వేసి, ఆ అంచుని లోపలికి తిప్పి, బండిచక్రం ఆకుల్లా అడ్డంగా దారాలు లాగి, మధ్యలోంచి గుండ్రంగా అల్లుకుంటూ రావాలి. నేనూ ఒక కర్టెన్ రింగుతో ప్రయత్నించాను. భోజనాలయ్యాక కూర్చుంటే, పిల్లలు స్కూలు నుంచి వచ్చేసరికి ఒక్కటంటే ఒక్కటి అయింది. ఇక రోజుకి డజన్ల కొద్దీ కుట్టినవాళ్ల కళ్లేమయ్యేవో!

19వ శతాబ్దం మధ్యలో గుండీలు చేసే యంత్రాలొచ్చాయి. దొరలకేం, చవగ్గా కొత్తరకాలు దొరికాయి. డార్సెట్‌లో మాత్రం కొద్ది ఏళ్లలోనే పని పోయింది. పొలం కూలీ చాలీచాలని ఇళ్లలో ఆ గుండీల డబ్బే ఆసరా. కూడు కరువై కొన్ని కుటుంబాలు ఊళ్లు వదిలి కెనడాకి, ఆస్ట్రేలియాకి ఓడలెక్కాయి.

ఇప్పుడు ఆ గుండీల్ని సరదాకి నేర్చుకునేవాళ్లున్నారు. రింగు, సూది, కాస్త గట్టి దారం ఉంటే చాలు. మా అమ్మాయి కుర్తాకి అయిదు కావాలంది. రెండోది మొదలుపెట్టాను.