లేబుల్ లేని మూడు సీసాలు: ఎమీన్స్‌ని ఎలా గుర్తుపట్టాలి?

బీటెక్ చేసి కోడింగ్ రాసుకునేవాడికి కెమిస్ట్రీ ఎందుకు అనుకోకండి. ఈ టాపిక్ అచ్చం ఇఫ్-ఎల్స్ లాంటిదే.

మూడు సీసాల్లో నీళ్లలో కరగని మూడు ఎమీన్స్ ఉన్నాయి: ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ. లేబుల్స్ లేవు. ఏది ఏదో తెలియాలంటే నైట్రోజన్ మీద హైడ్రోజన్లు లెక్కపెట్టాలి. ప్రైమరీకి 2, సెకండరీకి 1, టెర్షియరీకి 0. అవి కంటికి కనపడవు కదా, అందుకే ఆ లెక్క రియాక్షన్‌తో చేయిస్తాం.

జర్మన్ కెమిస్ట్ హిన్స్‌బర్గ్ 1890లో చెప్పిన టెస్ట్ ఇదే. ఎమీన్‌కి బెంజీన్ సల్ఫోనైల్ క్లోరైడ్, కేఓహెచ్ ద్రావణం కలిపి బాగా కుదపాలి. ప్రైమరీ ఒక హైడ్రోజన్ పోగొట్టుకుంటుంది, ఇంకొకటి మిగులుతుంది. పక్కనున్న సల్ఫోనైల్ గ్రూప్ ఎలక్ట్రాన్లని లాగేస్తుంది కాబట్టి ఆ మిగిలినదానికి ఆమ్ల గుణం వస్తుంది. క్షారం దాన్ని లాక్కుంటుంది, లవణం ఏర్పడి కరిగిపోతుంది. సెకండరీకి ఉన్న ఒక్కటీ పోయింది, క్షారం లాక్కోడానికి ఏమీ లేదు, కరగదు. టెర్షియరీకి పోగొట్టుకోడానికే ఏమీ లేదు, అలాగే ఉండిపోతుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రెండు ట్యూబుల్లో కరగలేదు, మరి ఏది ఏది? హెచ్‌సీఎల్ కలపండి. టెర్షియరీ ఇంకా ఎమీనే కాబట్టి ఆమ్లంలో కరుగుతుంది. సెకండరీ సల్ఫోనమైడ్‌గా మారిపోయింది, కరగదు.

ఇంకో టెస్ట్ నైట్రస్ యాసిడ్‌తో. సోడియం నైట్రైట్, హెచ్‌సీఎల్ చల్లగా కలిపితే వస్తుంది. సెకండరీ ఎమీన్ అయితే పసుపు రంగు నూనెలాంటి నైట్రోసమీన్ ఏర్పడుతుంది. పరీక్షలో "ఎల్లో ఆయిల్" అని రాసి మర్చిపోతాం. కానీ 2018లో బీపీ మందు వల్సార్టాన్‌ని చాలా దేశాల్లో వెనక్కి తీసుకున్నది ఈ కుటుంబానికి చెందిన ఎన్‌డీఎంఏ వల్లే. అది క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థం. మందు తయారీలో వాడిన డీఎంఎఫ్ సాల్వెంట్ నుంచి డైమిథైల్ ఎమీన్ వచ్చింది. అది సెకండరీ ఎమీన్! మిగిలిన ఎజైడ్‌ని తీసేయడానికి ఆమ్లంలో సోడియం నైట్రైట్ వాడారు. అంతే, మన టెస్ట్‌ట్యూబ్‌లో జరిగేదే ఫ్యాక్టరీలో జరిగింది.

అందుకే రంగులు బట్టీ పట్టకండి, హైడ్రోజన్లు లెక్కపెట్టండి. మరి ఎన్-మిథైల్ ఎనిలీన్‌తో హిన్స్‌బర్గ్ టెస్ట్ చేస్తే కేఓహెచ్‌లో కరుగుతుందా? కారణంతో సహా కామెంట్‌లో చెప్పండి. ఉంటానండి!