బూడిదలో పోసిన సిమెంటు!

మీకు తెలుసా? రోమ్‌లోని పాంథియన్ గుమ్మటం అడ్డంగా 43 మీటర్లు, వయసు దాదాపు 1,900 ఏళ్లు. అందులో ఒక్క ఇనుప చువ్వ లేదు! చువ్వల్లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఈనాటికీ అదే పెద్దది. రోమన్లు సున్నంలో కలిపింది అగ్నిపర్వతం కక్కిన బూడిద. మీ కొత్త శ్లాబు మూడో వానకే కారుతుంటే ఒక్కసారి వాళ్లని తలుచుకోండి.

మనుషుల పనులవల్ల గాల్లో చేరే కార్బన్ డయాక్సైడులో దాదాపు 8 శాతం సిమెంటు పుణ్యమే. మరి దాని బదులు ఏం కలపాలి? చెత్త!

థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా వచ్చే సన్నటి బూడిదని, అంటే ఫ్లైయాష్‌ని, మైక్రోస్కోపులో చూస్తే ఏం కనిపిస్తుందో తెలుసా? గోళీలు! నున్నటి గాజు గోళీలు. దొర్లిపోతాయి కనుక తక్కువ నీళ్లకే కాంక్రీటు జారుతుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు విడిచే సున్నాన్ని పట్టుకుని జిగురుగా మార్చేస్తాయి కూడా. సన్న సందులన్నీ పూడిపోతాయి. ఇక తుప్పు పట్టించే ఉప్పునీరు చువ్వ దాకా వెళ్లేదెలా?

అమెరికాలో 1953లో పూర్తయిన హంగ్రీ హార్స్ డ్యామ్ లక్ష టన్నులకు పైగా ఫ్లైయాష్ మింగింది. పేరుకు తగ్గ ఆకలే!

బుర్జ్ ఖలీఫాలో కాంక్రీటుని పంపుతో ఎంత ఎత్తుకి ఎక్కించారో తెలుసా? 606 మీటర్లు! అందులోనూ ఫ్లైయాష్ ఉంది, సిలికా ఫ్యూమ్ అనే మహా సన్నటి పొడి ఉంది. ఈ ఫ్యూమ్ రేణువు సిమెంటు రేణువులో దాదాపు నూరో వంతు. దుబాయ్ వేసవిలో పోత పనంతా రాత్రిపూట, ఐసు కలిపి మరీ!

ఉక్కు ఫ్యాక్టరీ కొలిమిలో మిగిలే స్లాగ్ సంగతి తెలుసా? స్లాగ్ సిమెంటులో దాని వాటా 70 శాతం దాకా ఉండొచ్చు. సిమెంటు బస్తాలో సిమెంటుకే మైనారిటీ!

ఇక మన రైసుమిల్లు. వంద కిలోల వడ్లకి సుమారు 20 కిలోల ఊక, ఆ ఊక కాలిస్తే 4 కిలోల బూడిద. అందులో 85 శాతానికి పైగా సిలికాయే. కాకపోతే మహా పెంకిది. కాల్చేటప్పుడు వేడి 700 డిగ్రీలు బాగా దాటిందా, స్ఫటికాలు కట్టి కాంక్రీటుకి పెద్దగా పనికిరాదు. అన్నం మాడినట్టే!

చివరి ప్రశ్న: మీ ఇంటి సిమెంటు బస్తా మీద పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు) అని ఉందా? చాలామటుకు అందులో 15 నుంచి 35 శాతం ఫ్లైయాష్ ఉన్నట్టే. మోసమేమీ కాదు, బలం కాస్త నిదానంగా వస్తుందంతే. అందుకే కనీసం 10 రోజులు నీళ్లు పట్టండి. మూడు రోజులు చాలని మేస్త్రి అంటే మాత్రం వినకండి!