రబ్బరు వేళ్లు, పది డాలర్ల విరుగుడు

మన గాండ్లపెంటలో స్టోరు బియ్యం తెచ్చుకోవాలన్నా, ఆధార్‌తో డబ్బు తీసుకోవాలన్నా మిషన్ మీద వేలు పెట్టాల్సిందే. సైబర్ నేరాలన్నిటిలో నన్ను విస్తుపోయేలా చేసింది ఈ వేలిని దొంగిలించడమే. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఓ సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీది వేలిముద్రలను రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో అచ్చు తీశాడు. ఆ రబ్బరు ముక్కలతో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాత ఇదే కిటుకుతో పేదల ఖాతాలు ఊడ్చిన ముఠాలూ పట్టుబడ్డాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిని ఏం చేస్తాం? ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్‌కు లాక్ వేసుకోండి. స్టోరుకు వెళ్లినప్పుడు కాసేపు తెరుచుకుంటే చాలు.

మనకు కరెంటిచ్చే ఎస్పీడీసీఎల్‌నూ హ్యాకర్లు వదల్లేదు. 2019 ఏప్రిల్ చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ర్యాన్సమ్‌వేర్ దెబ్బకు మూతపడ్డాయి. ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి బిట్‌కాయిన్లు అడిగే రకం ఇది. ముఖ్యమైన ఫైళ్ల నకలు విడిగా దాచుకుంటే ఆ బెదిరింపు పనిచేయదు.

ఆ జాతిలో పేరుమోసింది వానాక్రై. 2017 మే 12న బయల్దేరి 150 దేశాలకు పాకింది. మన రాష్ట్రంలో సాక్షాత్తూ పోలీసుల కంప్యూటర్లే చిక్కాయి. మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ల బ్రిటిష్ కుర్రాడు ఆ ప్రోగ్రాంలో దాగిన ఓ అర్థంలేని వెబ్ చిరునామాను పది డాలర్ల పైచిలుకుకు తన పేర రిజిస్టర్ చేయగానే దాని పరుగు ఆగింది. ఇంత చవకైన విరుగుడు మరొకటి నేను వినలేదు! నిజానికి వానాక్రై చొరబడిన లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఉచితంగా ఇచ్చింది. వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు.

హైదరాబాద్ మహేష్ బ్యాంకు కథ ఇంకా బాధాకరం. సిబ్బందికి రెండొందల దాకా దొంగ మెయిళ్లు వస్తే, తెరిచింది ఇద్దరే. 2022 జనవరిలో 12 కోట్లకు పైగా పోయింది. దొంగలు ఆ సొమ్మును వందకు పైగా ఖాతాల్లోకి చెదరగొట్టారు. మన వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతోనో, చలానా పేరుతోనో వచ్చే ఏపీకే ఫైలుదీ ఇదే పద్ధతి. నొక్కకుండా తీసేయండి.

ఒకవేళ డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సొమ్ము తర్వాతి ఖాతాకు దాటకముందే బ్యాంకు దాన్ని ఆపే వీలుంటుంది. ఎంత పోయింది, ఎన్నింటికి పోయింది, లావాదేవీ నంబరెంత అన్నది మెసేజ్ చూసి చెప్పండి.